నైట్ షిఫ్టు బూట్లు

మా ఇంటి గడప ముందట ఒక జత బాయి బూట్లుండేటియి. నల్లటియి, మొద్దుటియి, ముక్కుకాడ ఇనుప రేకు ఉన్నయి. బూట్లయితె ఉన్నయి గని ఇంట్ల మొగోడు లేడు. అవి మా నాయిన బూట్లు. మా నాయిన బొగ్గు బాయిల పనిచేసి రిటైరై, కమాన్‌పూర్ల పత్తి ఏసుకుంట మంచిగున్నడు. నేను గోదావరిఖనిల, కంపెనీ క్వార్టర్ల ఎనుక గల్లిల, ఒక్క అర్ర కిరాయికి తీసుకొని మిషన్ కుట్టుకుంట బతుకుతున్న. నన్ను కాపాడతయని తెచ్చిన బూట్లు ఒకసారి నా కొంప ముంచినంత పని చేసినయ్. యాది చేసుకుంటె ఇప్పుడు నవ్వొస్తది గని, గప్పుడయితె ఆ బూట్లు తీసుకొని ఎవల నెత్తి మీదన్న కొడుదామన్నంత కోపమొచ్చింది.

నా మొగడు జైపూర్ దిక్కు కరెంటు ప్లాంటుల కాంట్రాక్టు పని చేస్తడు. మనిషి చెడ్డోడు కాదని అందరంటరు. అనేటోళ్లు ఒక్క నెల ఆయనతోటి కాపురం చేసి చూడాలె. పెండ్లయిన కాన్నుంచి నాకు నా మిషనే ఆధారం. జాకెట్లు, లంగలు, బడి పిల్లల బట్టలు కుట్టేదాన్ని. ఓనాడు బజారుకు పోయొచ్చేసరికి మూలకు మిషన్ లేదు. "యాడికి పోయింది?" అంటె గోడ దిక్కు చూస్తడు. అమ్ముకొని తాగిండు. నేను ఏడ్వలే, మొత్తుకోలే. కత్తెర, టేపు, దారాల డబ్బా సంచిల ఏసుకొని ఇల్లు దిగిన. మిషన్ అమ్మినోడు కత్తెర నాకెందుకు మిగిల్చిండో ఇప్పటికీ సమజ్ కాదు.

కమాన్‌పూర్ల పెద్దమనుషులు పంచాయితీ పెట్టిన్రు. "సర్దుకపోవాలె బిడ్డా, ఆడపిల్లకు ఓపికుండాలె" అన్నరు. "మిషన్ తెచ్చి అదే మూలకు పెట్టుమనుర్రి, గంటల సర్దుకపోత" అన్న. ఆ మాటకు నా నోరు పెద్దదని తీర్పిచ్చి, చాయ తాగి లేచిపోయిన్రు. నోరు మంచిదయితె ఊరు మంచిదయితదంటరు. నా నోరు మంచిదే, ఆ ఊరే జర తేడా. మా నాయిన ఒక్కడు ఏమనలే. ఎవలో అమ్ముతున్న పాత మిషన్ కొనిచ్చి, బస్సెక్కించి, "నీ కాళ్ల మీద నువ్వుండు" అన్నడు.

మా అమ్మ మాత్రం ఊకోలే. నేను అర్రల దిగిన వారానికే గోనెసంచి మోసుకొని వచ్చింది. బియ్యమో పప్పో అనుకున్న. విప్పితె మా నాయిన బూట్లు.

"ఒక్కదానివే ఉంటవాయె. గడప ముందట మొగోని బూట్లు కనవడితె తాగొచ్చేటోడు గూడ పక్కింటికి పోతడు" అన్నది.

"పక్కింట్ల ముసలవ్వ ఉన్నదే అమ్మా!"

"ఆమెను చూస్తె తాగింది దిగుతది, ఫికర్ లేదు" అని మా అమ్మ బూట్లను గడప పక్కకు సదిరి పెట్టి, బస్సెక్కి పోయింది.

పక్కింటి అవ్వ గురించి మా అమ్మ చెప్పింది అబద్ధం కాదు. మొగడు కూడ బాయిల చేసినోడే, పోయి చాన ఏండ్లయింది. ఒక్కతే ఉంటది. సన్నటి మనిషి, గొంతు మాత్రం బాయి సైరనంత. గల్లిల ఎవలు ఏ షిఫ్టుకు పోతరో, ఎవలికి ఎప్పుడు ఆదివారం డ్యూటీ పడ్డదో అన్నీ ఆమెకే ఎరుక. నేను వచ్చిన కొద్ది దినాలకే నా గడప ముందట నిలవడి, నడుం మీద చెయ్యేసుకొని బూట్ల దిక్కు చూసింది.

"ఏందే ఇది? పొద్దుగాల ఈడనే, పొద్దుమీకి ఈడనే. మొగోడన్నంక డ్యూటీకి పోవద్దా? గిట్లయితె ఎవలు నమ్ముతరు?"

ఆనాటి నుంచి నా బూట్లకు డ్యూటీ పడ్డది. ఫస్ట్ షిఫ్టు వారమయితె తెల్లారకముందే అవ్వ వచ్చి బూట్లను లోపలికి నూకేది, మాపటీలికి మళ్ల బయటికి తీసేది. సెకండ్ షిఫ్టు వారం దానికి ఉల్ట. ఎదురింట్ల ఉండే అక్కది కోస్తా దిక్కు, ఆయన ఓపెన్ కాస్టు బాయిల డ్యూటీ. ఆ అక్క గూడ ఇందుల షరీకయింది. "బూట్లు మరీ తళతళలాడుతున్నాయి, ఎవరైనా చూస్తే అనుమానం రాదూ?" అని, వాళ్లాయన బూట్ల బురద గోకి తెచ్చి నా బూట్లకు పూసేది. నేను మిషన్ తొక్కుకుంట నవ్వేదాన్ని. "అక్కా, ఓవర్‌టైం గూడ రాయి" అనేదాన్ని. నాకు లేని మొగణ్ని ముగ్గురం గల్సి మస్తు కష్టపెట్టినం.

నైట్ షిఫ్టు వారం మాత్రం అవ్వకు చాన ఇష్టం. మా దిక్కు నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్న మనిషిని లేపుడంటె పాపం చేసినట్టే. ఆ ఇంటి ముందట పిల్లలు ఆడరు. కూరగాయలోడు గొంతు దించుకుంటడు. పాతబాకీ అడగ వచ్చినోడు గూడ బూట్లు చూసి ఎనుకకు మళ్లుతడు. ఆ వారం అవ్వ నా గడప ముందట నిలవడి, వచ్చేటోళ్లకు పోయేటోళ్లకు "ష్, నైట్ షిఫ్టు" అని ఏలు చూపెడుతుండె. సామాన్లమ్మెటోడు, చందాలోడు, ఎవ్వలు వచ్చినా పిల్లి నడక నడిచిపోయేటోళ్లు. లోపల నేనేమో హాయిగ పాటలు వినుకుంట కాజాలు కుడుతుండె.

మొగణ్ని ఇడిసి ఏడాది దాటినంక ఎదురింటక్క ఒక మాట చెప్పింది. "ఒంటరి మహిళలకు పింఛను ఇస్తున్నారు కదా, మీరెందుకు పెట్టుకోరు?" అన్నది. నాకు సిగ్గయింది మొదట. మళ్ల అనుకున్న, మిషన్ అమ్ముకున్నోనికి లేని సిగ్గు నాకెందుకని. పెట్టుకున్న. వచ్చింది. మొదటిసారి బ్యాంకుల నా పేరు మీద పైసలు పడ్డనాడు నాకేమయిందో, ఏడుపొచ్చింది. ఆ పైసలు సక్కగ అర్ర కిరాయికి పోయేటియి. తిండి మిషన్ చూసుకునేది. ఎవ్వలను అడిగే పని లేదు. ఆ అర్రల చాప మీద కాళ్లు చాపుకొని కూసుంటె, ఈడ నేను గట్టిగ నవ్వినా ఎందుకు నవ్వినవని అడిగేటోడు లేడని సంబురపడేదాన్ని.

గిట్ల నడుస్తుండగ ఓ నెల పైసలు పడలే. ఇంకో నెల సుత పడలే. బ్యాంకోళ్లను అడిగితె పింఛన్ల ఆఫీసుకు పొమ్మన్నరు. పోయిన. ఆడ ఒక మేడం ఉండె, కండ్లద్దాలు, మంచిగ మాట్లాడుతది. కంప్యూటర్ల నా పేరు కొట్టి చూసి, నా దిక్కు చూసింది.

"మీ భర్త మీతోనే ఉంటున్నారని విచారణలో తేలిందమ్మా. అందుకే ఆపాం. విచారణ జరిగిన తర్వాత మీకు అదనంగా పడిన నెలల డబ్బు తిరిగి కట్టాలి."

"ఏ భర్త మేడం?"

"మీకెంతమంది ఉన్నారు?"

"ఒక్కడే ఉన్నడు. వాడు సుత లేడు!"

పక్క కుర్చీలాయన నవ్విండు. మేడం నవ్వలే. కంప్యూటర్‌ల ఉన్నది సదివింది. విచారణకు సర్వే సారు వచ్చినప్పుడు నేను ఇంట్ల లేనట. గడప ముందట బూట్లున్నయట. పక్కింటామెను అడిగితె, భర్త నైట్ షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్నడు, లేపకుర్రని చెప్పిందట.

ఆ దినం నేను లైనింగు బట్ట కొందామని లక్ష్మీనగర్ బజారుకు పోయిన. సర్వే సారు కూడ బాయి పనిచేసినోని కొడుకేనట. బూట్లు చూసిండు, నైట్ షిఫ్టు అనేది విన్నడు, తలుపు కొట్టకుండ చప్పుడు చెయ్యకుండ పోయి ఉన్నదున్నట్టు రాసిండు. ఆయన తప్పేమున్నది? మా దిక్కోడు ఎవ్వడయినా గంతే చేస్తడు.

ఆటో దిగి సక్కగ అవ్వ ఇంటికే పోయిన. చేతుల సంచి గూడ దించలే.

"అవ్వా! నా మొగడు పండుకున్నడని చెప్పినవా?"

"చెప్పిన. ఎవలో అంగి లాగు ఏసుకొని వచ్చి నీ మొగడు ఉన్నడా లేడా అని అడుగుతుండు. లేడంటనా? నీ ఇజ్జత్ కాపాడిన."

"ఆయన సర్కారు మనిషే! నాకు మొగడు లేడనే గద పింఛన్ ఇస్తున్నరు!"

అవ్వ మొఖం చిన్నగయింది. నేను ఆగలే. కొండనాలికెకు మందేస్తె ఉన్న నాలికె ఊడగొట్టినవని ఒర్రిన. తాగివచ్చేటోణ్ని ఆపుమంటె పింఛన్‌ను ఆపినవని ఒర్రిన. గల్లంత విన్నది. అవ్వ లోపలికి పోయి తలుపు పెట్టుకున్నది.

అదొక దిక్కు. ఇంకో దిక్కు, ఎట్ల పాకిందో ఏమో, ఆ మాట కమాన్‌పూర్ దాక పోయింది. పంచాయితీ చేసిన పెద్దమనిషే ఫోన్ చేసిండు. "ఇద్దరు కలిసిండ్రట గదా బిడ్డా, మంచి పని చేసిన్రు! సర్కారే ఒప్పుకున్నదట!" తెల్లారి మొగని చిన్నమ్మ చేసింది. మా పిలగాణ్ని మంచిగ చూసుకుంటున్నవా, అన్నం టైముకు పెడుతున్నవా అని అడుగుతది! ఆ పిలగాడు జైపూర్ల ఉన్నడు, నేను ఈడ ఉన్న, మా కాపురం కంప్యూటర్ల నడుస్తుంది.

నవ్వులాటకు చెప్తున్న గని, లోపల మస్తు భయమయింది. పింఛన్ పోయి, పైకెల్లి తీసుకున్నయి కట్టుమంటె కిరాయి కట్టలేను. కిరాయి కట్టకపోతె అర్ర పోతది. అర్ర పోతె కమాన్‌పూర్ పోవాలె. కమాన్‌పూర్ పోతె పెద్దమనుషులు చాయ తాగడానికి తయారుగుంటరు, తాగి నన్ను జైపూర్ బస్సు ఎక్కిస్తరు. నాకు కావాల్సింది ఆ ఒక్క అర్రనే. దాన్ల నా మిషన్, నా చాప, నా నవ్వు.

మళ్ల మేడం దగ్గరికి పోయిన. ఈసారి ఒర్రలే. బూట్ల ముచ్చట మొదటికెల్లి చివరిదాక చెప్పిన, షిఫ్టులు మార్చుడు, బురద పూసుడు అన్నీ. మేడం కండ్లద్దాలు తీసి కండ్లు తుడుసుకున్నది, నవ్వి నవ్వి. మళ్ల పెద్దరికంగ కూసొని చెప్పింది.

"నేను నమ్ముతున్నానమ్మా. కానీ నా నమ్మకంతో పని జరగదు. మీరు ఒక అర్జీ రాసివ్వండి. మళ్లీ విచారణకు పంపిస్తాను. మొదట చెప్పినావిడే వచ్చి, భర్త లేడని అందరి ముందు చెప్పాలి. ఆవిడ మాట మీదే ఇదంతా నడిచింది."

అంటె నా అర్ర, నా బతుకు అవ్వ నోట్ల ఉన్నది. నేను దుమ్మెత్తిపోసిన ఆ నోట్లనే.

ఇంటికొచ్చి చూస్తె ఆమె ఇంకా మాట్లాడుతలేదు. నీళ్ల నల్ల కాడికి రాదు, నా బూట్లను ముట్టదు. డ్యూటీ లేక బూట్లు గడప కాడ దుమ్ము పట్టినయ్. ఇగ నేనే చాయ కాసుకొని గిలాస పట్టుకొని పోయిన.

"అవ్వా, నామీద కోపమా?"

"నీ మీద నాకెందుకే కోపం. నాకు భయం." గిలాస తీసుకున్నది గని తాగలే. "ఒక ఆడిదాని ఇంట్ల మొగడు లేడని పదిమందిల నోటితోటి ఎట్ల అనాలె? ఒక్కసారి అన్నంక గల్లిల ఎట్ల చూస్తరో నీకెరుకలేదు బిడ్డా. నాకెరుక."

అదేందో నాకు సమజ్ కాలే. అడుగుదామనుకున్న గని ఆమె మొఖం చూసి ఊకున్న. చెప్తదో చెప్పదో ఆమె అనలే, నేను బతిమాలలే. తిని పండుకొమ్మని చెప్పి వచ్చిన.

విచారణ దినం గల్లి మొత్తం నా ఇంటి ముందటనే. ఎదురింటక్క పొయ్యి బంద్ చేసి వచ్చింది. సర్వే సారు స్కూటరు గల్లి మొదట్లనే ఆపి నడుసుకుంట వచ్చిండు. గడప కాడ బూట్లు చూసిండు. అంతె, పాపం, అలవాటు యాడికి పోతది, అడుగు మెల్లగయింది, గొంతు తగ్గింది. అవ్వ పక్కకు వచ్చి గుసగుసలాడినట్టే అడిగిండు.

"అవ్వా... ఈ ఇంట్ల ఈమె భర్త ఉంటడా?"

అవ్వ కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. నేల దిక్కు చూసింది. గల్లి చివరకు ఎవలదో కుక్కర్ ఈల ఏసింది. ఆగిపోయింది. అయిపాయె, కమాన్‌పూర్ బస్సేనని నేననుకున్న.

అవ్వ తలకాయ లేపింది.

"గట్టిగ మాట్లాడు కొడుకా," అన్నది, ఆ సైరను గొంతుతోటి. "ఇంట్ల ఎవ్వలు పండుకోలే!"

ఎదురింటక్క నా చెయ్యి పట్టుకున్నది.

"ఆనాడు గూడ ఎవ్వలు పండుకోలే. నేనే అబద్ధమాడిన. ఈ బూట్లు ఈమె నాయినయి. ఈ పిల్ల మొగణ్ని ఇడిసి వచ్చి, ఒక్కతె కుట్టుకొని బతుకుతుంది. రాసుకో. మంచిగ రాసుకో." సారు రాస్తుండు. అవ్వ ఆగలే. "ఈ అబద్ధం నాకు కొత్త కాదు. నా మొగడు ఇంకో ఇంట్ల ఉండేటోడు. గల్లిల ఎవలన్న అడిగితె, నైట్ షిఫ్టు, పండుకున్నడు, లేపకుర్రని చెప్పేదాన్ని. నా పిల్లలను గూడ గట్టిగ మాట్లాడనియ్యలే. ఎన్నేండ్లో. ఖాళీ మంచానికి ఇంటిల్లిపాదిని గప్‌చుప్ కూసోపెట్టిన."

గిన్నేండ్లు గల్లిల ఎవ్వలకూ ఎరుకలేని ముచ్చట. ఒక్క నవ్వు రాలే, ఒక్క గుసగుస రాలే. ఎదురింటక్క పోయి అవ్వను రెండు చేతుల పట్టుకున్నది. నేను నిలవడ్డ తాన్నే ఏడ్చిన, సిగ్గేంది. సర్వే సారు పెన్ను జేబుల పెట్టి, "మా అమ్మ గూడ మమ్మల్ని చెప్పులు చేతుల పట్టుకొని నడిపించేది అవ్వా" అన్నడు. తన నాయిన మాత్రం ఇంట్లనే ఉంటుండెనని మళ్ల తొందరగ చెప్పిండు. గప్పుడు అవ్వనే ముందుగాల నవ్వింది. ఆమె నవ్వినంక అందరం నవ్వినం.

సారు లోపలికి వచ్చి చూసిండు. ఒక్క చాప, ఒక్క మిషన్, దండెం మీద నా చీరెలు. ఈసారి తలుపు దబ్బున పెట్టి, గట్టిగ దగ్గి పోయిండు.

కొద్ది దినాలకు మేడం పిలిచి చెప్పింది, కట్టాల్సింది ఏం లేదు, ఆగిపోయిన నెలలయి గూడ పడతయని. పడ్డయ్. ఫోన్ల మెసేజ్ మోగంగనే అవ్వ ఇంట్లకురికిన. పింఛన్ వచ్చిందంటె, "కిరాయి ముందు కట్టు, తర్వాత ఎగురు" అన్నది. కట్టినంకనే ఎగిరిన.

ఇగ బూట్ల సంగతి తేలాలె. పారెయ్యడానికి నాకు మనసొప్పలే, పాపం అవి చేసినంత డ్యూటీ ఎవలు చేసిన్రు? మా దిక్కు మనిషి రిటైరయితె దండలేసి, డప్పు కొట్టుకుంట ఇంటికి తోలుకొస్తరు. అక్క అన్నది, "వీటికీ రిటైర్మెంటు చెయ్యాలండీ" అని. చేసినం. బంతిపూల దండ ఏసినం. డప్పులోళ్లకు పైసలెందుకని పిల్లలు పళ్లాలు కొట్టిన్రు. నా పింఛన్ పైసలతోటి లడ్డూలు పంచిన. పెద్దమనిషిగ అవ్వను మాట్లాడుమన్నం. బూట్ల మీద దండ సదిరింది. "మంచిగ చేసినయ్. ఇగ ఇంటికి పోయి పండుకోనియ్యుర్రి" అన్నది. అంత గట్టిగ చెప్పింది, క్వార్టర్ల దాక ఇనవడ్డది.

మా నాయిన వచ్చి దండతోటే బూట్లను సంచిల ఏసుకొని పోయిండు, పత్తి చేన్ల పురుగుమందు కొట్టేటప్పుడు ఏసుకుంటడట. ఆ పొద్దుమీకి మా అమ్మ ఫోన్ చేసింది. నాకు ఎరుకనే, ఏమడుగుతదో.

"గడప ముందట ఇప్పుడేమున్నయే?"

బయటికొచ్చి చూసిన. అవ్వ తన వాకిట్ల కూసొని ఎవల తోటో గలగల మాట్లాడుతుంది.

"నా చెప్పులున్నయమ్మా."

కోపమొస్తదేమో అనుకున్న.

"అరిగిపోయినయి పెట్టకు," అన్నది మా అమ్మ. "మంచియి కొత్తయి కొనుక్కో. వచ్చేటోళ్లకు కనవడాలె."